బీరువా వెనకాల కిటికీ

మిల్లు ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా అవ్వ ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. టైపు అంటే ఏమిటో ఆమెకు తెలియదు. జీతం ఎంతో కూడా అడగలేదు. ఆమె చెప్పిందల్లా ఒక్కటే మాట: "మా పాప నీడలో కూచోని పని చేస్తాది." సూలూరు పక్కన మా మెట్ట చేనిలో బతుకంతా పత్తి ఏరిన మనిషి. ఒంటికి ఎండ తగలని పనికి మించిన పని లోకంలో ఉండదని ఆమె నమ్మకం. మిల్లు యాజమాన్యం ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. నన్ను కూర్చోబెట్టిన గదిలోకి, నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందు నుంచే, ఎండ అడుగుపెట్టడం మానేసింది.

కోయంబత్తూరు చుట్టూ ఆ రోజుల్లో ఎటు వెళ్ళినా మిల్లులే. మాది మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. కట్టించిన ఇంజనీరు ఎవరో గాని దూది మనసు తెలిసినవాడు. నూలు షెడ్ల పైకప్పు రంపపు పళ్ళలా ఉండేది. ఒక్కో పంటికీ ఉత్తరం వైపు నిలువునా అద్దాలు. వాటిలోంచి ఎండ రాదు, వెలుతురు మాత్రమే వస్తుంది. నీడలు పడని, కళ్ళు చెదరని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాదాపు ఒకేలా ఉండే వెలుతురు. నూలు ఎక్కడ సన్నమైందో, ఎక్కడ ముడిపడిందో కనిపించాలంటే అలాంటి వెలుతురే కావాలట. గాలి పొడిబారితే దారం తెగుతుందని గొట్టాల్లోంచి మంచులాంటి నీటి తుంపర చల్లేవారు. ఊరంతా ఉడికిపోతున్నా దారం చల్లగా ఉండేది. అంత సుకుమారంగా దేన్నైనా చూసుకోవడం, మా బంధువుల ఇళ్ళలో పెళ్ళి కావలసిన మగపిల్లల విషయంలో తప్ప, నేను ఎక్కడా చూడలేదు.

ఆఫీసు గుమాస్తాలు దూది కారు కాబట్టి వాళ్ళ గురించి ఇంజనీరు ఆలోచించలేదు. షెడ్డుకూ గోడౌనుకూ మధ్య మిగిలిన సందులో తర్వాతెప్పుడో గోడలు లేపి, పైన రేకు వేసి, అది ఆఫీసు అన్నారు. దానికి తూర్పు వైపు ఒక కిటికీ ఉండేదని చెప్పేవారు. చెప్పేవారు అని ఎందుకు అంటున్నానంటే, దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. దాని ముందు గోడంత ఇనుప బీరువా నిలబడి ఉండేది. పైన రెండు ట్యూబులైట్లు. ఒకటి వెలగదు. రెండోది వెలగాలా వద్దా అని రోజంతా ఆలోచించేది. ఫ్యాను ఉంది గాని, వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి. కాగితాల మీద పెట్టుకోవడానికి బరువులు కావాలని ఎవరో అర్జీ రాసిపెడితే, అది కూడా ఎగిరిపోయిందని విన్నాను. అప్పటి నుంచి ఫ్యాను వేయడం మానేశారు.

నా టైపు బల్ల ఎవరో పొడుగాటి మగమనిషి కోసం చేయించినది. కుర్చీ అల్లిక మధ్యలో కుంగిపోయి గిన్నెలా ఉండేది. అందులో కూర్చుంటే మిషను నా గడ్డం దాకా వచ్చేది. మొదటి వారమంతా చేతులు పైకెత్తి, దేవుడి ముందు నిలబడిన భంగిమలో టైపు చేశాను. చూసేవాళ్ళకు అది వినయంగా కనిపించి ఉంటుంది. అమ్మాయి అణకువ గలదని మేనేజరు అన్నాడట.

నన్ను ఆ గిన్నెలోంచి పైకి తీసినవాడు మా హెడ్ గుమాస్తా. యాభై దాటిన మనిషి. నుదుట నామం, కణతలకు తలనొప్పి మందు, ఈ రెండూ లేకుండా ఆయనను ఎవరూ చూసి ఉండరు. ఆఫీసులో అందరం తమిళమే మాట్లాడేవాళ్ళం. ఒకరోజు ఆయన పాత రసీదుల కట్టలు మోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, నన్ను లేవమని సైగ చేసి, వాటిని కుర్చీలో పడేసి, "అబ్బ, ఏం బరువుండాదిరా నాయనా" అని తనలో తాను గొణుక్కున్నాడు. అది మా ఇంటి మాట. నేను తలెత్తి చూశాను.

"సార్, మీరు తెలుగువాళ్ళా?"

"అవును, వాడిపట్టి పక్కన మా ఊరు. నువ్వు సూలూరు నాయుళ్ళ పిల్లవని నాకు ముందే తెలుసు. కూచో అమ్మణీ. దీని మీద కూచుంటే మిషన్ అందుతాది. పాత కాగితం, గట్టిగా ఉంటాది."

"ఆడిట్ వాళ్ళు వచ్చి ఈ రసీదులు అడిగితే?"

"అడిగినప్పుడు లేద్దువులే."

ఆ రోజు నుంచి మేమిద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మదురై వైపు తెలుగు విని నాకు నవ్వొచ్చేది, నా తెలుగు విని ఆయనకు నవ్వొచ్చేది. ఆంధ్రా నుంచి నూలు కొనడానికి వచ్చే వ్యాపారులు మా ఇద్దరినీ విని సమానంగా నవ్వేవారు.

మధ్యాహ్నం అయ్యేసరికి ఆయనకు తలనొప్పి మొదలయ్యేది. కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకునేవాడు. డాక్టరుకు చూపించుకోమంటే, "ఇది మా వంశంలో ఉండాది అమ్మణీ. మా నాయనకీ ఇదే తలనొప్పి, ఇదే టైము" అనేవాడు. కొంత గర్వంగా కూడా చెప్పేవాడు, తాతల నాటి పొలం గురించి చెప్పినట్టు.

మా గదికి ఆనుకునే మేనేజరు గది. మధ్యలో చెక్క అడ్డుగోడ. మేనేజరు సూటు వేసుకునే మనిషి. మాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు, మేస్త్రీలతో తమిళంలో మాట్లాడేవాడు, కార్మికులతో అసలు మాట్లాడేవాడు కాదు. నేను చేరిన మరుసటి వేసవిలో ఆయన గదికి ఏసీ వచ్చింది. ఆ మిల్లులో దూది కోసం కాకుండా మనిషి కోసం గాలిని చల్లబరచడం అదే మొదలు. దాని వెనకభాగం ఎటు పెట్టాలన్న చర్చ మాకు వినిపిస్తూనే ఉంది. వరండా వైపు పెడితే, యజమాని కారు దిగేటప్పుడు ఆయన ముఖాన వేడిగాలి కొడుతుంది, తలమీద నీళ్ళు కారతాయి. కాబట్టి అడ్డుగోడకు రంధ్రం చేసి మా వైపు పెట్టారు. అక్కడున్నవాళ్ళ ముఖాలకు ఏమైనా పరవాలేదు. అటు వైపు చలువ, ఇటు వైపు వేడి. నీళ్ళు కారే చోట బకెట్టు. ఏసీ వీపు సరిగ్గా హెడ్ గుమాస్తా తలకు ఎదురుగా ఉండేది. ఆయన వానలు పడ్డాక తడిసిన తుండుగుడ్డ దాని ముందు ఆరేసుకునేవాడు. అవతల మేనేజరుకు చలి పుట్టి, ఏప్రిల్ నెలలో ఉన్ని స్వెట్టరు తొడుక్కునేవాడు.

ఇలా ఎవరి వాతావరణంలో వాళ్ళం ఉండగా కరెంటు కోత వచ్చింది. ఆనకట్టల్లో నీళ్ళు అడుగంటాయని మిల్లులకు కరెంటు తగ్గించారు. పగలు గంటల తరబడి యంత్రాలు ఆగిపోయేవి. ఏసీ కూడా ఆగింది కాబట్టి మా గది కాస్త చల్లబడింది. కాని ఆ ఒక్క ట్యూబులైటూ ఆలోచించడం మానేసింది. బీరువా ఉన్న గది బీరువా లోపలి భాగంలా తయారైంది. కొవ్వొత్తి వెలిగించడానికి వీల్లేదు, పక్కనే దూది. అప్పుడు మేనేజరు ఒక ఉపాయం చెప్పాడు. గుమాస్తాలు వంతులవారీగా తలుపు దగ్గర కూర్చుని పని చేయాలి. తలుపు ఒక మనిషి పట్టేంత. ఒకరు రాస్తుంటే మిగతావాళ్ళం చీకట్లో కూర్చుని మా వంతు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు కాబట్టి గొడవలు కూడా తగ్గాయి.

అలాంటి ఒక రోజున షెడ్డులో సరుకు వివరం కనుక్కు రమ్మని నన్ను పంపారు. నూలును చిలపలనే చుట్టలుగా చుట్టే రీలింగు విభాగం అది. అంతా ఆడవాళ్ళే. కరెంటు లేక యంత్రాలు ఆగినా, చేత్తో కట్టలు కట్టే పని సాగుతూనే ఉంది. ఎవరూ దీపం కోసం వెతుక్కోవడం లేదు. పైనుంచి తెల్లటి వెలుతురు నేలంతా పరుచుకుని ఉంది. నేను చేతిలో కాగితం పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. నేను టైపు చేసిన కాగితమే అది. దాని నిండా నా వేళ్ళ ముద్రలు నీలంగా అంటుకుని ఉన్నాయి. చేతులు చూసుకున్నాను. కార్బను కాగితాల రంగు గోళ్ళ సందుల్లోకి ఎక్కి ఉంది. ఇన్నాళ్ళూ ఆ చేతులతోనే అన్నం తిన్నాను.

ఆ ఆడవాళ్ళకు పెద్దగా ఉండే అక్క నన్ను చూసి, పక్కనున్న మనిషితో నవ్వుతూ అంది: "ఆఫీసు పిల్ల చేతులు చూడు, అద్దకం పని చేసేవాళ్ళ చేతుల మాదిరి ఉండాయి."

నాకు అర్థం కాదనుకుని అన్న మాట. తెలుగులో అంది.

"కార్బన్ కాగితం అక్కా" అన్నాను నేనూ తెలుగులోనే.

ఆమె ముందు కంగారుపడి, తర్వాత గట్టిగా నవ్వింది. నలభై దాటిన మనిషి, చామనచాయ, మెడలో నల్లపూసల మధ్య చిన్న సిలువ. ఏళ్ళుగా రోజూ ఒకే గేటులోంచి లోపలికి వస్తున్నాం, తమిళంలోనే పలకరించుకుంటున్నాం.

"మీరూ తెలుగేనా అక్కా?"

"ఇంట్లో తెలుగే కన్ను. చర్చిలో తమిళం. మేస్త్రీ తిట్టేదీ తమిళమే." కన్ను అనేది మా వైపు ముద్దుగా పిలిచే పిలుపు. ఆ మాట నోరు జారినట్టు ఆమె ఒక్క క్షణం ఆగింది. నా తెలుగు విన్నాక నేను నాయుళ్ళ పిల్లనని ఆమెకు తెలిసిపోయింది. వాళ్ళ వాళ్ళు మా నాయుళ్ళ పొలాల్లో పని చేసినవాళ్ళే. తర్వాత మళ్ళీ మామూలుగా అడిగింది: "కరెంటు లేదే, ఆ చీకట్లో ఏం చేస్తాండారు?"

"తలుపు కాడ వంతు కోసరం కూచోనుండాం."

"మిషన్ ఎత్తుకొని ఈడకి రా. ఈ మూల ఖాళీగానే ఉండాది. వెలిచ్చం ఏమన్నా మా అబ్బ సొత్తా?" అంది, పైనుంచి పడే వెలుతురు చూపిస్తూ.

నేను వెళ్ళి హెడ్ గుమాస్తాకు చెప్పాను. ఆయన నామం మీద వేలు పెట్టుకుని ఆలోచించాడు. తర్వాత లేచి, టైపు మిషను తనే చంకన పెట్టుకుని బయల్దేరాడు. "మేనేజర్ అడిగితే సరుకు వివరం రాసుకుంటాండామని చెప్దాం. అబద్ధం కాదుగదా, ఆడ సరుకుండాది."

అలా కోత ఉన్న రోజుల్లో మేమిద్దరం షెడ్డు మూలలో పని చేయడం మొదలుపెట్టాం. అక్క వృథా దూదితో నాకొక మెత్త కుట్టి ఇచ్చింది. రసీదుల కట్టల మీద కూర్చుని అణిగిపోయిన ప్రాణానికి అది సింహాసనం. తప్పులు తగ్గాయి. ఇంటికి వెళ్ళేసరికి కళ్ళు మండడం ఆగింది. కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. హెడ్ గుమాస్తా దగ్గర తలనొప్పి మందు వాసన రావడం లేదు.

"మీ వంశం తలనొప్పి ఏమైంది సార్?"

ఆయన కలం ఆపి, పైన అద్దాల వైపు చూశాడు. "మా నాయన కూడా గుమాస్తానే అమ్మణీ" అన్నాడు చివరకు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు అక్క తన క్యారియరు తీసుకుని దూరంగా గోడ వైపు తిరిగి కూర్చునేది. మొదటి రోజు నేను గమనించనట్టు తిన్నాను. రెండో రోజు నా క్యారియరు తీసుకెళ్ళి ఆమె పక్కనే కూర్చున్నాను.

"మీ ఇంట్లో ఏమనరా?" అంది, అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా.

"ఇంట్లో వాళ్ళు ఈడ లేరుగదా."

ఆమె తన పచ్చడి మూత తీసి మధ్యలో పెట్టింది. అంతే.

ఇంత సుఖం ఎక్కువ రోజులు దాగదు. ఒక పూట మేనేజరు షెడ్డులోకి వచ్చి మమ్మల్ని చూశాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. సాయంత్రం నన్ను పిలిచి ఒక మెమో చెప్పి రాయించాడు. ఆఫీసు సిబ్బంది కార్మికుల మధ్య కూర్చోవడం ఆఫీసు హోదాకు తగదు. షెడ్డు హాజరులో పేరు లేనివాళ్ళు షెడ్డులో కూర్చుంటే, పైనుంచి ఏమైనా మీద పడితే బాధ్యత ఎవరిది? ఉద్యోగుల క్షేమమే యాజమాన్యానికి ముఖ్యం. నా క్షేమం కోసం రాసిన ఆ మెమోను, చీకటి గదిలో, అక్షరాలు తడుముకుంటూ, నేనే టైపు చేశాను. క్షేమం అన్న చోట ఒక అక్షరం తప్పు పడింది. ఎవరూ గమనించలేదు.

హెడ్ గుమాస్తా అప్పుడు జీవితంలో మొదటిసారి యాజమాన్యాన్ని ఒక కోరిక కోరాడు. బీరువా పక్కకు జరిపిస్తే కిటికీ వాడుకుంటామని. మేనేజరు పాత ఫైళ్ళు తెప్పించి చూసి జవాబు ఇచ్చాడు. బీరువా అక్కడ ఊరికే పెట్టలేదు. ఆ కిటికీలోంచి టీ కొట్టు దారి కనిపిస్తుంది. గుమాస్తాలు ఆ దారి చూస్తూ లెక్కలు తప్పు వేస్తున్నారని పాత మేనేజరు పెట్టించాడు. అయితే సిబ్బంది చూపు గురించి యాజమాన్యానికి పట్టింపు లేదనుకోకూడదు. అందుకని కళ్ళ డాక్టరును పిలిపించి, అందరికీ పరీక్ష చేయించి, అవసరమున్నవాళ్ళకు కళ్ళద్దాలు ఉచితంగా ఇప్పించారు. అందరికీ అవసరమైంది. ఆ తర్వాత నుంచి చీకటి మాకు మరింత స్పష్టంగా కనిపించేది.

కళ్ళద్దాలే మమ్మల్ని ఆదుకున్నాయి, డాక్టరు అనుకున్న పద్ధతిలో కాదు. మిల్లు వార్షికోత్సవానికి ఒక సంచిక వేయాలనుకున్నారు. అందులో ఆఫీసు పని చేస్తున్న దృశ్యం ఒకటి ఉండాలని మేనేజరు కోరిక. తను నిలబడి ఏదో చూపిస్తుంటే మేము శ్రద్ధగా వింటున్నట్టు. టౌను నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. గదిలోకి అడుగుపెట్టి, ఆఫీసు ఎక్కడ అని అడిగాడు. ఇదే అన్నాం. ఆయన ఫ్లాష్ వేసి చూశాడు. మా అందరి కళ్ళద్దాల్లో ఆ వెలుగు కొట్టింది. ఫోటోలో కళ్ళుండాల్సిన చోట తెల్లటి బిళ్ళలు పడతాయని, మేనేజరు చుట్టూ పిశాచాలు కూర్చున్నట్టు ఉంటుందని చెప్పాడు. అద్దాలు తీసేయమంటే, తీశాక ఎవరు ఎటు చూడాలో మాకు తెలియలేదు.

ఫోటోగ్రాఫరు గది చుట్టూ చూసి బీరువా మీద చెయ్యి వేశాడు. "దీని వెనక కిటికీ ఉన్నట్టుంది. జరిపించండి సార్, మంచి వెలుతురు వస్తుంది" అన్నాడు తమిళంలో.

మేనేజరు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. వెంటనే మనుషులను పిలిపించాడు. బీరువాలోని ఫైళ్ళన్నీ నేలమీదకు దించి, దాన్ని కష్టపడి పక్కకు లాగారు. కిటికీ నిజంగానే ఉంది. అద్దాల మీద సున్నం, దుమ్ము గట్టిగా పేరుకుని ఉన్నాయి. తలుపులు తెరుచుకోలేదు. నేను షెడ్డు వైపు పరిగెత్తి అక్కకు చెప్పాను. ఆమె కొబ్బరిపీచు, నీళ్ళ బొక్కెన తీసుకుని బయటి వైపు నుంచి వచ్చి తోమడం మొదలుపెట్టింది. సున్నం కరిగి కారుతుంటే, అద్దంలో ముందు ఆమె చెయ్యి, తర్వాత ముఖం కనిపించాయి. ఆఖరికి ఒక్క తోపు తోసేసరికి కిటికీ తెరుచుకుంది. ఆమె తల లోపలికి పెట్టి గదంతా చూసింది.

"ఇన్నేండ్లు ఈ జన్నలు మూసుకొని ఈడనా ఉండారు?" అని మాత్రం అంది.

ఫోటో బాగా వచ్చింది. సంచికలో దాని కింద, వెలుతురు, గాలి ధారాళంగా గల మన ఆధునిక కార్యాలయం అని అచ్చువేశారు.

ఫోటో అయిపోగానే బీరువా యథాస్థానంలో పెట్టమని మేనేజరు చెప్పాడు. హెడ్ గుమాస్తా చేతులు కట్టుకుని, ఫైళ్ళు వరుస తప్పాయని, వరుసలో పెట్టాక బీరువా జరుపుదామని మనవి చేశాడు. సరేనన్నాడు మేనేజరు. ఆ వరుస పెట్టడం ఎన్ని నెలలు సాగిందో చెప్పలేను. రోజూ మేనేజరు అడిగేవాడు. రోజూ హెడ్ గుమాస్తా చేతిలో ఒక ఫైలు పట్టుకుని, "చేస్తున్నాం సార్" అని తమిళంలో వినయంగా చెప్పేవాడు. పొద్దున వరుసగా పేర్చిన ఫైళ్ళను సాయంత్రం ఆయనే మళ్ళీ కలిపేసేవాడని నా అనుమానం. వెలుతురు వచ్చాక మా వాళ్ళందరూ సంతోషించారనుకుంటే పొరపాటు. కిటికీ పక్క గుమాస్తా ఎండ కొడుతోందన్నాడు. దూరంగా ఉన్నవాడు తనకు చాలడం లేదన్నాడు. ఇంకొకడు టీ కొట్టు దారి చూస్తూ నిజంగానే లెక్క తప్పు వేశాడు.

మళ్ళీ కోత ఎక్కువైంది. ఏసీ ఆగితే మేనేజరు గది పొయ్యి మీద పెట్టిన దబరాలా ఉండేది. కిటికీలు వరండా వైపు, అదీ తెరలు వేసి. మొదట్లో ఆయన ఏదో ఫైలు చూడాలంటూ వచ్చి మా కిటికీ దగ్గర నిలబడేవాడు. తర్వాత కుర్చీ తెప్పించుకున్నాడు. ఆ తర్వాత బల్ల వచ్చింది. ఒక సోమవారం మేము వెళ్ళేసరికి వడ్రంగులు అడ్డుగోడ విప్పుతున్నారు. వారం తిరిగేలోపు కిటికీ మేనేజరు గదిలో ఉంది, మేము, తెరలు తీయకూడదన్న షరతు మీద, ఆయన పాత గదిలో ఉన్నాం. కిటికీ వెళ్ళింది, దానితోపాటు ఏసీ కూడా వెళ్ళింది, కాని ఏసీ వీపు మాత్రం కొత్త అడ్డుగోడలోంచి మళ్ళీ మా వైపే వచ్చింది.

హెడ్ గుమాస్తా ఆ రోజు మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత కణతలకు మందు పూసుకున్నాడు. పూసుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. మెమోలో రాసిన మాటనే పట్టుకున్నాడు. షెడ్డు హాజరులో పేరు లేనివాళ్ళు షెడ్డులో కూర్చోకూడదు గదా, మా ఇద్దరి పేర్లూ ఆ హాజరులోకి మార్చండి, సరుకు వివరాలు అక్కడే రాస్తాం, మీకు ఇక్కడ జాగా కూడా కలిసొస్తుంది అన్నాడు. మేనేజరు సంతోషంగా సంతకం పెట్టాడు. మమ్మల్ని శిక్షిస్తున్నానని ఆయన అనుకుని ఉంటాడు.

మా ఇంట్లోనూ అలాగే అనుకున్నారు. "ఆఫీసులోంచి తీసేసి కూలోళ్ళలో వేసినారా? ఏం తప్పు చేస్తివి?" అని అవ్వ బాధపడింది. నేను చెప్పింది ఆమె నమ్మలేదు. కొన్నాళ్ళపాటు నా ఉద్యోగం గురించి ఇరుగుపొరుగుతో మాట్లాడటం మానేసింది.

షెడ్డు స్వర్గమేమీ కాదు. కరెంటున్నప్పుడు యంత్రాల హోరుకు ఎదుటివాళ్ళ మాట వినపడేది కాదు. గాలిలో తేలే దూది నూగు ముక్కులో, జడలో, టైపు మిషను పళ్ళ మధ్య చేరేది. దగ్గు అలవాటైంది. ఆ వెలుతురు మా కోసం పెట్టింది కాదు, ఆ తేమ మా కోసం చల్లింది కాదు. నూలుకు చేసిన మర్యాదలో మేము కూడా కాస్త తడుస్తూ బతికాం. కాని నా చేతులు ఎలా ఉన్నాయో నాకు తెలిసేది. అన్నం తినే ముందు కడుక్కునేదాన్ని.

ఒక వానాకాలం మధ్యాహ్నం, ఆకాశం మబ్బు పట్టి ఉంది, కరెంటు లేదు. మేనేజరు కాగితాల దొంతర పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఆయన కిటికీ తూర్పుది. మధ్యాహ్నం దాటితే, అందులోనూ మబ్బు పడితే, దానివల్ల ప్రయోజనం లేదు. ఆ పూటే పోస్టులో వెళ్ళాల్సిన ఉత్తరాలట, సంతకాలు చేయాలి. అక్క ఒక ముక్కాలిపీట తెచ్చి అద్దాల కింద వేసింది. ఆయన సూటుకు దూది అంటకుండా జాగ్రత్తగా కూర్చుని, ఒక్కో కాగితం చదివి సంతకం చేయసాగాడు.

అక్క ఆయన పక్కనే నిలబడి కట్టలు కడుతూ, నాతో తెలుగులో మామూలు గొంతుతోనే అంది: "చల్లగాలీ ఈయనకే కావల్ల, జన్నలూ ఈయనకే కావల్ల. అన్నీ ఎత్తుకొనిపోయి, ఇప్పుడు వెలిచ్చం కోసరం మన కాడికే వచ్చినాడు చూడు కన్ను."

నేను నవ్వు ఆపుకోవడానికి మిషను మీదకు వంగాను. హెడ్ గుమాస్తా దగ్గాడు.

మేనేజరు కాగితం మీంచి తల ఎత్తలేదు. సంతకం పూర్తిచేసి, ఇంకో కాగితం తీసుకుంటూ, అచ్చం మా ఇళ్ళలో మాట్లాడే తెలుగులో, నెమ్మదిగా అన్నాడు: "కొంచెం పక్కకి జరుగమ్మా. వెలిచ్చానికి అడ్డం వస్తాండావు."

అక్క జరిగింది. ఆయన మిగతా ఉత్తరాలన్నీ చదివి, సంతకాలు చేసి, దొంతర సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక హెడ్ గుమాస్తా ముఖం చూడాలి. ఒక పలుచటి చెక్క గోడకు ఇవతల కూర్చుని, ఆయనకు తెలియని భాష కదా అన్న ధీమాతో, ఇన్నేళ్ళుగా ఆయన గురించి మేము ఏమేం అనుకున్నామో ఇద్దరం గుర్తు తెచ్చుకుంటున్నాం. గుర్తొచ్చేకొద్దీ ఒళ్ళు చల్లబడుతోంది, ఏ యంత్రమూ లేకుండానే.

"ఏమైతాదో ఏమో" అన్నాడు హెడ్ గుమాస్తా.

"ఏమీ కాదు" అంది అక్క. "అబద్ధాలేమన్నా చెప్పినామా?"

నిజంగానే ఏమీ కాలేదు. మరునాడు ఆయన మాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. మేమూ ఆయనకు తెలుగు రాదన్నట్టే నడుచుకున్నాం. కాకపోతే మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో కరెంటు పోతే ఆయన కాగితాలు తీసుకుని షెడ్డులోకి వచ్చేవాడు. అక్క పీట జరిపి, అద్దాలకు అడ్డం రాకుండా అవతలి వైపు నిలబడేది. ఆయన థాంక్యూ అనేవాడు. ఆమె "సరి సార్" అనేది. తర్వాత ముగ్గురం, ఆయనతో కలిపి నలుగురం, చప్పుడు లేకుండా మా పని మేము చేసుకునేవాళ్ళం.